మగ సవతి

ఆడదానికి సవతి ఉంటే నలుగురిలో చెప్పుకుని ఏడ్చే వీలుంది. వినేవాళ్ళు అయ్యో అంటారు. అదే కష్టం మగవాడికి వస్తే దానికి సరైన మాట కూడా లేదు. మాటే లేని కష్టాన్ని ఎవరితో చెప్పుకుంటాడు? టైలరు ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోకుండానే కాపురం చేసుకొస్తున్నాడు.

అతని సవతి గోడమీద ఉంటాడు. ముందుగదిలో, గుమ్మం దాటగానే కనిపించేచోట, నల్ల చెక్క ఫ్రేములో. మెడకి తెల్ల గుడ్డ, చంకలో హెల్మెట్, వెనకాల యుద్ధవిమానం ముక్కు. ఎవరో ఏదో అంటే నవ్వబోయి ఆపుకున్నట్టు ఒక మూతి. వయసు ఇరవై ఏడు. టైలరు పెళ్ళిచేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునా ఇరవై ఏడే, ఇవాళా ఇరవై ఏడే. ఈలోపు టైలరుకి జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళద్దాలు కావలసివచ్చాయి. గోడమీది మనిషికి ఒక్క వెంట్రుక నెరవలేదు. ఆయన గురకపెట్టడు. తువ్వాలు మంచంమీద పడెయ్యడు. కూరలో ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ అనలేదు. అలాంటివాడితో పోటీ అంటే ఎవడు నెగ్గుతాడు?

ఆయన సంగతి ఆ ఊళ్ళో అయిదో తరగతి పిల్లల్ని అడిగినా గడగడా అప్పజెబుతారు, పాఠం ఉంది మరి. యుద్ధం రోజులు. నదిమీద ఒకే వంతెన. ఊళ్ళు ఖాళీచేసిన జనం మూటలతో, మంచాలతో, ముసలివాళ్ళని భుజాలమీద వేసుకుని దాటుతున్నారు. పైన శత్రువిమానాలు నాలుగు. ఎదురుగా పైలటు గారు ఒక్కరే. పదకొండు నిమిషాలు. రెండింటిని కూల్చేశారు, మిగతా రెండింటినీ కవ్వించి వెంట తిప్పుకుంటూ వంతెనకి దూరంగా లాక్కుపోయారు. జనం దాటారు. వారం తిరక్కుండా ఇంకో దాడికి వెళ్ళి మాత్రం తిరిగి రాలేదు. పతకాన్ని రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని భార్య అందుకుంది. ఆ భార్యే ఇప్పుడు టైలరు భార్య.

టైలరు పైలటు గారిని ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆయన పోయిన నాలుగేళ్ళకి ఆవిడ కూతురి స్కూలు గౌను కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చింది. గౌను తర్వాత గౌను, పరిచయం తర్వాత పరిచయం, చివరికి పెళ్ళి. అంతా సవ్యంగానే జరిగింది. కాకపోతే దుకాణం ఉన్న వీధికి పైలటు గారి పేరు పెట్టారు. టైలరు అచ్చువేయించుకునే ప్రతి రసీదుమీదా, తన పేరుకన్నా కాస్త పెద్దగా, సవతి పేరే. అతను కుట్టే స్కూలు బట్టలు తొడుక్కునే పిల్లలు చదివేది సవతి పాఠమే. కూతురు చిన్నప్పటినుంచీ ఇద్దరికీ లెక్కగా పేర్లు పెట్టుకుంది: ‘ఫొటో నాన్న’, ‘టైలర్ నాన్న’. ఫొటో నాన్న దాన్ని ఎప్పుడూ కసరలేదు. లెక్కల్లో తప్పితే చెవి పిండింది టైలర్ నాన్న.

వీటన్నిటినీ మింగాడు గాని, ఒక్కటి మాత్రం గొంతులో అడ్డంపడి ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు భార్య ఫొటో తుడుస్తూ ఏదో గొణుక్కుంటుంటే విన్నాడు. “నీకేం, హాయిగా కూచున్నావు” అంటోంది. నీకేం. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నారట, అందుకని నువ్వు. టైలరుకి మాత్రం ముప్ఫై ఏళ్ళుగా మీరు, ఏమండీ. గౌరవం ఇస్తున్నారని ఏడ్చే మగవాడు లోకంలో తనొక్కడే అయి ఉంటాడనుకునేవాడు.

ఆ వీధిలోకి ఒకరోజు మ్యూజియం జీపు వచ్చింది.

దిగినవాడు కుర్ర ఆఫీసరు. ముఖం మీద మీసం కన్నా కళ్ళద్దాలే ఎక్కువ. విమానదళం వాళ్ళ మ్యూజియంలో పైలటు గారి పేర ఒక గది తెరుస్తున్నారట. ఆయన వస్తువులు కావాలట. ఆవిడ పతకం ఇచ్చింది. ఉత్తరాలు ఇచ్చింది. చేతిగడియారం ఇచ్చింది. టైలరు ఒక్కొక్కటే బల్లమీదికి చేరుతుంటే చూస్తూ, లోపల్లోపల పండగ చేసుకుంటున్నాడు.

“మేడమ్, ముఖ్యమైంది ఇంకోటుంది” అన్నాడు ఆఫీసరు. “ఆయన ఎగరేటప్పుడు వేసుకునే ఓవరాల్. మీ దగ్గర ఒకటి మిగిలిందని రికార్డుల్లో ఉంది.”

మిగిలింది. మంచంకింద రేకుపెట్టెలో ఉంది. టైలరు ముప్ఫై ఏళ్ళుగా పడుకుంటున్నది దానిమీదే.

“అది ఇవ్వను బాబూ” అంది ఆవిడ.

“మేడమ్, అద్దాల పెట్టెలో, చెమ్మ తగలకుండా…”

“ఇవ్వనన్నానుగా. నకలు పెట్టుకోండి. మా ఆయన కుట్టి ఇస్తారు. పక్కపక్కన పెడితే నువ్వు పోల్చుకోలేవు, అంత చెయ్యి ఆయనది.”

బయటివాడి ముందు తన చేతిని అంత మాటన్నందుకు టైలరు ఒక్క క్షణం పొంగిపోయాడు. మరుక్షణం ఆ చేత్తో కుట్టవలసింది ఎవరి బట్టలో గుర్తొచ్చి ముఖం మాడ్చుకున్నాడు.

ఆఫీసరు అప్పుడే అతన్ని కొత్తగా చూసినట్టు చూసి, “అయితే మాస్టారూ, ఆరడుగుల బొమ్మకి సరిపోయేట్టు కుట్టండి. బొమ్మకి ఆర్డరిచ్చేశాం” అన్నాడు.

“ఆరడుగులా? ఎవరు చెప్పారు?”

“ఫొటోలో చూస్తే…”

“ఫొటోలో కాదు, బట్టలో చూడాలి. ఏటా ఎండబెట్టేటప్పుడు చూస్తున్నా. మనిషి అయిదడుగుల అయిదంగుళాలు. ఛాతీ ముప్ఫై ఆరు. బొమ్మనే కోయించుకోండి. నేను మాత్రం ఒక్క అంగుళం ఎక్కువ ఇవ్వను.”

చచ్చినవాడికి ఉన్నదే ఎక్కువ, పైన ఇంకో ఏడంగుళాలు తన చేత్తో పెంచమంటారా! ఆఫీసరు దాన్ని పనిమీద నిజాయితీ అనుకుని చెయ్యి కలిపి వెళ్ళాడు.

ఆ సాయంత్రానికే టైలరు బుర్రలో ఆలోచన మొలిచింది. నకలు అంత బాగా కుట్టాలి. ఎంత బాగా అంటే, కట్టుకున్న పెళ్ళాం కూడా పోల్చుకోలేనంత. తర్వాత నకలు పెట్టెలోకి, అసలు జీపులోకి. ఆవిడకి తెలిసే పని లేదు. ఇంట్లో ఉన్నది ఫొటో, అంటే ఒట్టి కాగితం. మనిషి వాసన మిగిలింది ఆ బట్టలోనే. అది గడప దాటితే చాలు, ఈ ఇంట్లో మగవాడు ఒక్కడే అవుతాడు.

ఓవరాల్‌ని దుకాణానికి పట్టుకెళ్ళేటప్పుడు ఆవిడ ఒకటే మాట చెప్పింది. “కొలతలు తీసుకోండి. కుట్టు మాత్రం విప్పడానికి వీల్లేదు.”

“విప్పకుండా ఎలా తెలుస్తుంది?”

“ముప్ఫై ఏళ్ళు కుట్టినవారికి తెలియదా?”

బల్లమీద పరిచాడు. బూడిద రంగు మందపాటి నూలుగుడ్డ, మెడనుంచి కిందివరకు ఇత్తడి జిప్పు, తొడమీద మ్యాపు పెట్టుకునే జేబు. దుకాణంలో కాజాలూ చేతికుట్లూ వేసే ముసలావిడ వచ్చి పక్కన నిలబడింది. ఊరంతా ఆమెని కాజాలత్త అంటారు. నోరు కత్తెరకన్నా పదును.

“ఇదేనా పైలటు గారిది! ఎంత చిన్న మనిషమ్మా. చొక్కా వేసి సంచిలో పెట్టుకుపోవచ్చు.”

ఆ మాట టైలరు చెవుల్లో తేనె పోసినట్టుంది. “చూశావా? గోడమీదేమో ఏనుగంత.”

“అది సరే, రెండేసి గంటలు ఆకాశంలో కూచుంటే, ఒంటికి వస్తే ఎలా పాపం? ఈ జిప్పు చూస్తే కంగారులో తెమిలేట్టు లేదు.”

“నీకెందుకత్తా ఆ సంగతి?”

“వీరుడికైనా వస్తుందిగా నాయనా. పాఠంలో రాయరు గాని.”

టైలరు నవ్వుతూనే పనిలోకి దిగాడు. బట్టని చదవడం అతనికి చిన్నప్పటి విద్య. కుడిభుజం ఎడమదానికన్నా అరంగుళం దిగి ఉంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర గుడ్డ అద్దంలా మెరుస్తోంది, విమానం వేగం పెంచే పిడి అటువైపు కాబోలు, చెయ్యి ఎప్పుడూ దేనికో ఆనుకునే ఉండేది. భుజాలమీద పట్టీలు ఒరుసుకున్న చారలు. పిర్రల దగ్గర అరుగుదల. ఆయన నడిచిన దానికన్నా కూర్చున్నదే ఎక్కువ. ఇదంతా తెలిసిన విద్యే. కాలరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

కాలరు ఎడమ కొన నమిలేసి ఉంది. ఎలక కొరికింది కాదు. ఎలక కొరికితే ముక్క పోతుంది. ఇది మనిషి పళ్ళతో, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ నమిలింది. దారాలు పీచుగా విడి, తడిసి ఆరి, గట్టిపడి ఉన్నాయి. కళ్ళద్దాలు సర్దుకుని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ముందుపళ్ళ మధ్య చిన్న సందు ఉన్న నోరు.

భయం! టైలరు గుండె గంతులేసింది. పదకొండు నిమిషాల వీరుడు, వీధికీ పాఠానికీ ఎక్కిన మనిషి, ఆకాశంలో కూర్చుని చంటిపిల్లాడిలా కాలరు నమిలాడు! ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూసిన ఆయుధం చేతికి దొరికింది. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడు మామూలు మాటలా ఎత్తాడు.

“ఏమోయ్, ఆ కాలరు చూశావా ఎప్పుడైనా? పాపం, నమిలేసినట్టుంది.”

భార్య వడ్డిస్తున్న గరిటె ఆపలేదు. “ఎడమవైపు. అవును.”

“తెలుసా నీకు?”

“తెలియకేం, మూడు కాలర్లు మార్చాను. అది నాలుగోది. మార్చేలోపే పోయారు.” కంచంలో ఇంకొంచెం వడ్డించి కూర్చుంది. “ప్రతిసారీ విమానం ఎక్కబోయే ముందు వాంతయ్యేది. చక్రం వెనక్కి వెళ్ళి కానిచ్చుకుని, నోరు కడుక్కుని వచ్చి ఎక్కేవారు. మెకానిక్కులందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టు అటు తిరిగేవాళ్ళు. వంతెన రోజున రెండుసార్లు అయిందట. నాకు ఆయనే చెప్పారు. చెప్పి, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదన్నారు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీరు బట్టలోంచి పట్టేశారు కాబట్టి చెప్తున్నా.”

భయంలేని మనిషిమీద కుళ్ళుకోవడం ఒక తీరు, ఎక్కడో ఆకాశంలో ఉన్నవాడులే అని సరిపెట్టుకోవచ్చు. కడుపులో తిప్పుతున్నా నోరు కడుక్కుని పోయి ఎక్కినవాడిమీద ఎలా కుళ్ళుకోవాలి? పైగా ఆ రహస్యం ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళిద్దరి మధ్యే, తన మంచంకిందే, తనకి తెలియకుండా కాపురం చేసింది. ఆయుధం అనుకున్నది తిరిగి తన్నింది. అసలు ఓవరాల్ ఈ ఇంట్లో ఉండకూడదని అప్పుడు పూర్తిగా తీర్మానించుకున్నాడు.

ఇరవై రోజులు నకలుమీదే కూర్చున్నాడు. పాత మిలిటరీ బట్టలు అమ్మేవాడి దగ్గర అదే నేతగుడ్డ సంపాదించాడు. ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ ఉతికి, టీనీళ్ళలో ముంచాడు. ఇప్పటి దారం మెరుస్తుందని నూలుదారం వెతికి తెచ్చాడు. మోచేతులు ఇటుకముక్కతో రుద్దాడు. కుడిభుజం అరంగుళం దించాడు. స్కూళ్ళు తెరిచే రోజులు కావడంతో, గౌన్లకోసం వచ్చిన తల్లులు దుకాణంముందు నిలబడి, “మాస్టారూ, మా పిల్ల బళ్ళోకి పెళ్ళిబట్టలతో పోవాలా ఏంటి?” అని సణుగుతుంటే కాజాలత్త, “ఆయన ఈ మధ్య చచ్చినవాళ్ళకే కుడుతున్నారమ్మా, బతికున్నవాళ్ళు తర్వాత” అని పంపించేసేది.

చివరికి కాలరు మిగిలింది. బ్రష్షుతో రుద్దాడు, కుదరలేదు. దువ్వెనతో గీకాడు, కుదరలేదు. పళ్ళ పని పళ్ళే చెయ్యాలి. తలుపు దగ్గరగా వేసి, కాలరు కొన నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. ఉప్పగా, టీ వాసనగా ఉంది. సందు కోసం నాలుకతో దారాన్ని పక్కకి నెట్టి కొరుకుతున్నాడు. అలా నములుతూ నములుతూ, ఇలా ఎంతసేపు నమిలితే భయం తగ్గుతుందో అనిపించింది. పైన నాలుగు విమానాలు, కింద వంతెన, నోట్లో గుడ్డ.

కాజాలత్త తలుపు తోసి చూసింది.

“ఆకలైతే చెప్పొచ్చుగా నాయనా. గుడ్డలెందుకు తింటావు?”

“పని, అత్తా.”

“పనా, ఏడుపా?” అని తలుపు మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

జీపు వచ్చిన పొద్దున భార్య కూతురి ఇంటికి వెళ్ళింది. “మీరు కుట్టింది కాగితంలో చుట్టి పెట్టాను, ఇచ్చెయ్యండి” అని చెప్పి మరీ వెళ్ళింది. టైలరు కాగితం విప్పాడు, పెట్టె తెరిచాడు, మార్చాడు, మళ్ళీ చుట్టాడు. అంతా కలిపి దీపం వెలిగించినంత సేపు. జీపు వీధి మలుపు తిరిగాక ముందుగదిలోకి వచ్చి ఫొటోకేసి చూసి, “వెళ్ళిరా” అన్నాడు. ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. వారంరోజులు ఈలలు వేసుకుంటూ తిరిగాడు. “ఏంటీ, టైలర్ నాన్నకి పళ్ళు మళ్ళీ మొలిచాయా?” అని కూతురు ఇంటికొచ్చినప్పుడు అమ్మని అడిగింది కూడా.

గది తెరవడానికి ఒక్కరోజు ఉందనగా, మధ్యాహ్నం టైలరు ఇంటికి వచ్చేసరికి భార్య వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఓవరాల్. చెమ్మపట్టకుండా ఎండబెడదామని తీసినట్టుంది. లోపలి భాగం పైకి వచ్చేలా తిరగేసింది. పక్కకుట్టుమీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందికి నిమురుతోంది.

“ఏమండీ, ఒకమాట అడగనా?”

“అడుగు.”

“చచ్చిపోయినవారు లావెక్కుతారా?”

అతనికి అర్థం కాలేదు. ఆవిడ కుట్టు విడదీసి చూపించింది. లోపల, రెండువైపులా, రెండేసి వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలి ఉంది. కాళ్ళ అంచుల దగ్గర నాలుగు వేళ్ళు. శుభ్రంగా చేతికుట్టు వేసి మడిచి ఉంది. ఫ్యాక్టరీలో కుట్టిన అసలుదానికి లోపల వేలిగోరంత గుడ్డ కూడా మిగలదు. కానీ పిల్లల బట్టలు కుట్టేవాడి చెయ్యి ఊరుకోదు. వచ్చే ఏడు పొడవు పెరుగుతారు, పైయేడు ఒళ్ళు చేస్తారు, విప్పి వదులు చేసుకోవాలి కదా అని గుడ్డ వదులుతుంది. నేత చూసుకున్నాడు, దారం చూసుకున్నాడు, పంటిగాటు చూసుకున్నాడు. రోజూ చేసే పని మాత్రం కంటికి ఆనలేదు.

టైలరు కుట్టుమీదికి వంగాడు. “అదీ… అంటే…”

“వద్దు. నేనేమీ అడగను. అడిగితే మీరేదో ఒకటి చెప్తారు, నేను నమ్మాల్సొస్తుంది.” ఆవిడ ఓవరాల్‌ని మడిచింది. “రేపు తొమ్మిదింటికి బస్సు.”

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మర్నాడు బస్సులో రెండు గంటలూ ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో గుడ్డసంచి. అన్నం డబ్బా కాబోలనుకుని టైలరు అడగను కూడా లేదు.

మ్యూజియం గదినిండా జనం. పెద్ద అధికారులు, విలేకరులు, వరసగా నిలబెట్టిన స్కూలు పిల్లలు. పిల్లల్లో సగంమంది బట్టలకి ఏ కుట్టు పడిందో టైలరు దూరంనుంచే చెప్పగలడు. అయిదడుగుల అయిదంగుళాల తల లేని బొమ్మ, అద్దాలపెట్టెలో ఓవరాల్ వేసుకుని నిలబడింది. ఇరవై ఏడేళ్ళ మనిషి అప్పుడే వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు కుడిభుజం కాస్త దిగి ఉంది. టైలరు భార్యకేసి చూశాడు. ఆవిడ ఒక్కసారి చూసి తల దించుకుంది. కింద చిన్న అట్టమీద అచ్చక్షరాలు: ‘నకలు.’ దాని పక్కన, జీవితంలో మొదటిసారి సవతి పేరు లేకుండా, టైలరు పేరు ఒక్కటే.

ఆఫీసరు మైకు తీసుకున్నాడు. “అందరూ దగ్గరికొచ్చి చూడండి. ఇది అసలుది కాదంటే నమ్ముతారా? ఆ మోచెయ్యి చూడండి, ఏళ్ళతరబడి అరిగినట్టు లేదూ? భుజంమీద పట్టీల గుర్తులు చూడండి. కాలరైతే నిజంగా పంటితో నమిలినట్టే చేశారు! మన మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఒక్కసారి గట్టిగా చప్పట్లు!”

చప్పట్లు మోగాయి. పిల్లలు ఈలలు కూడా వేశారు. ఒక పెద్ద అధికారి వచ్చి టైలరు భుజం తట్టి, “ఆ మోచెయ్యి ఒక్కటి చాలయ్యా” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా టైలరు కలగన్నది ఇదే. వీధిలో, పాఠంలో, ఇంట్లో ఎక్కడా దొరకనిది ఇదే. తీరా అది వచ్చేసరికి, దేనికొచ్చింది? ఆ మోచెయ్యి అరగదీసిందెవరు? ఆ భుజం ఒరుసుకుంది ఎవరిది? తను ఇటుకముక్కతో చేతులు కాయలు కట్టేలా రుద్దిన మోచెయ్యి ఇంట్లో పెట్టెలో మగ్గుతుంటే, ఇక్కడ జనం మళ్ళీ ఆయన మోచేతికే చప్పట్లు కొడుతున్నారు! చచ్చికూడా తన వాటా తను పట్టుకుపోతున్నాడే! చెవులు ఎర్రబడ్డాయి.

“ఆపండి!” అన్నాడు.

చప్పట్లు ఆగాయి.

“ఇది నేను కుట్టింది కాదు. ఇది ఆయనదే. అసలుది.”

ఆఫీసరు మైకుని చేత్తో మూసేశాడు. “మాస్టారూ, ఏమంటున్నారు?”

“మార్చేశాను. నాది ఇంట్లో ఉంది. తప్పు నాదే, జైల్లో పెడతారో ఏం చేస్తారో చేసుకోండి. ఆయన అరగదీసినదానికి నా పేరు పెట్టి చప్పట్లు కొడితే మాత్రం నేను ఊరుకోను. నేను కుట్టింది తెప్పించి పెట్టండి. అప్పుడు కొట్టండి.”

“ఇప్పుడు ఇంటినుంచి తేవాలంటే…”

భార్య ముందుకొచ్చి, గుడ్డసంచిలోంచి మడత తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. “ఇదిగో బాబూ.”

ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఒకసారి దీనికేసి, ఒకసారి దానికేసి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పోల్చుకోలేకపోయాడు. టైలరే తిరగేసి, పక్కకుట్టు విడదీసి చూపించవలసివచ్చింది. బొమ్మకి బట్ట మార్చేసరికి జనం టీ బల్లదగ్గరికి వెళ్ళిపోయారు. రెండోసారి చప్పట్లు ఎవరూ కొట్టలేదు. టైలరు ఒక్కడే కాసేపు అద్దంముందు నిలబడి, తన మోచేతిని తనే చూసుకున్నాడు. బాగానే వచ్చింది. ఎడమవైపు ఇంకొంచెం రుద్దాల్సింది.

తిరుగు బస్సులో అసలు ఓవరాల్ టైలరు ఒళ్ళో ఉంది. ఎంత కష్టపడి గడప దాటించాడో, అంతే కష్టపడి తనే మోసుకుపోతున్నాడు. మంచంకింద రేకుపెట్టె ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది.

ఊరు దాటాక అడిగాడు. “సంచి ఎందుకు తెచ్చావు? నేను చెప్పకపోతేనో?”

“చెప్తారని తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఇంకొకళ్ళ మోచేతికి చప్పట్లు కొడితే ఊరుకునే మనిషా మీరు? ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా మీ ఏడుపు.” ఆవిడ కిటికీవైపు తిరిగే ఉంది గాని చెంపమీద నవ్వు కనిపిస్తోంది. “కోపం మాత్రం పోయిందనుకోకండి. ఇంకో నెల ఉంటుంది.”

ఎవరికీ తెలియదనుకున్నది మొదటినుంచీ తెలుసన్నమాట. టైలరుకి సిగ్గేసింది. నెలరోజులే అన్నందుకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

పక్క సీట్లో ఎవరో పెద్దావిడ, మూటకేసి చూసి, “ఎవరి బట్టలు నాయనా, అంత పదిలంగా పట్టుకున్నావు?” అంది.

టైలరు గొంతు సవరించుకున్నాడు. “మా ఆవిడ మొదటాయనవి.”

“అయ్యో! మరి నువ్వు మోసుకొస్తున్నావా?”

“ఇంకెవరు మోస్తారండీ?”

పెద్దావిడ తన మూట విప్పుకుని జామపళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది. భార్య చెయ్యి చాచింది. “ఇలా ఇవ్వండి, కాసేపు నేను పెట్టుకుంటా.”

“అక్కర్లేదు” అన్నాడు టైలరు, మూటని తనవైపుకి ఇంకొంచెం లాక్కుంటూ. “నీ ఒళ్ళో పెట్టుకుంటే నలిగిపోతుంది.”